పగుళ్ల జెల్లీ పూసిన బ్రేకు

శనివారం ఉదయం ల్యాబు ముందు మోటార్‌సైకిల్ దిగగానే సూదక్కకు ముందు చక్రం వైపు నుంచి కాలిన వాసన తగిలింది. వంగి, తడి దూది ముక్క ఒకటి బ్రేకు డిస్కుకు ఆనించింది. దూది సుయ్యిమంది. తీసి చూస్తే దాని మీద మసి, తుప్పు, జిడ్డు కలిసిన ఒక మరక. ఆ మరకను చూసి ఆమె మొహం చిట్లించుకున్న తీరు చూస్తే, అది ఎవరో కావాలని ఆమె మీద ఉమ్మిన మరక అనుకుంటారు.

సూదక్క అన్నది అమ్మానాన్నలు పెట్టిన పేరు కాదు. ఇంటింటికీ వెళ్లి పరీక్షల కోసం రక్తం తీయడం ఆమె పని. పరగడుపున ఎదురుచూసేవాళ్ల చేతికి రబ్బరు పట్టీ బిగించి, నరం వెతికి, సూది గుచ్చి, గొట్టాల్లో రక్తం నింపి, ఐసు గడ్డల డబ్బాలో ల్యాబుకు చేరుస్తుంది. ఏళ్ల తరబడి అవే వీధులు, అవే ఇళ్లు. ఏ పెద్దావిడకు ఎడమ చేతిలో నరం దొరకదో, ఎవరు సూది చూడగానే కళ్లు తేలేస్తారో, ఏ ఇంట్లో కుక్కను కట్టేశామని అబద్ధం చెబుతారో ఆమెకు కంఠతా వచ్చు.

ఇలాంటి పని చేసేవాళ్లకు అసహ్యం ఉండదని లోకం అనుకుంటుంది. లోకానికి ఏం తెలుసు. రక్తం ఆమెకు అసహ్యం కాదు. గొట్టంలో మూతపెట్టి ఉన్న రక్తమంత శుభ్రమైన వస్తువు ఇంకోటి లేదంటుంది. ఆమెకు అసహ్యమైనవి వేరే ఉన్నాయి. చెయ్యి ఆన్చమని చూపించే టేబుళ్ల మీద నిన్నటి టీ చారలు. మెట్ల మూలల్లో ఉమ్ములు. తడి తువ్వాలు మంచం మీద పడేసే మొగుడు. రిపోర్టు కాగితం అంచు మడిచి పళ్లు కుట్టుకుని, అదే కాగితాన్ని మళ్లీ ఫైల్లో పెట్టే ల్యాబు ఇంచార్జి. వీటన్నిటినీ ఆమె ఒకే మాటతో సరిపెడుతుంది. ఛీ.

ఆ శనివారం ఇంచార్జి తలుపు దగ్గరే నిలబడి ఉన్నాడు.

"మళ్లీ లేటు," అన్నాడు.

"బండి బ్రేకు పట్టేస్తోంది సార్. దారిలో ఆపి చల్లార్చుకుంటూ రావాల్సొచ్చింది."

"మీ బ్రేకు సంగతి డ్రాయింగు మాస్టారికి చెప్పండి. మీ కోసం చూసీ చూసీ కళ్లు తిరుగుతున్నాయని ఆయన రెండు బిస్కెట్లు తినేశాడట. పరగడుపు పరీక్ష కాస్తా బిస్కెట్ల పరీక్ష అయింది. వాళ్ల కోడలు ఫోన్లో నన్ను ఎన్ని అనాలో అన్నీ అంది."

"నాకూ చేసింది సార్."

"మంచిది. ఇద్దరం తిట్లు తిన్నాం. ఇక వినండి. సోమవారం కూడా ఇంతే అయితే ఆ రూటు స్కూటరున్న ఇంకొకరికి ఇచ్చేస్తా. మీరు హాయిగా వెనక గదిలో కూర్చోవచ్చు. ఎండా ఉండదు, వానా ఉండదు."

వెనక గదిలో ఎండావానలు ఉండవన్నది నిజమే. అక్కడ ఉండేవి మూతలు సరిగా పెట్టని డబ్బాలు. జనం ఇళ్ల నుంచి పట్టుకొచ్చే, రక్తం కాని రెండోరకం, మూడోరకం నమూనాలన్నీ ఆ గదిలోనే దిగుతాయి. కొందరు వాటిని పాత పచ్చడి సీసాల్లో తెస్తారు. సీసా మీద చీటీ అంటించడం, కారినది తుడవడం, ఒక్కో పుల్లతో తీసి అద్దాల పలకల మీద రాయడం ఆ గది ఉద్యోగం. అక్కడ పనిచేసే మనిషి మధ్యాహ్నం అన్నం తినడం మానేసి చాలా కాలమైంది. ఒకసారి అతను వాళ్లావిడ ప్రసవానికి వెళ్తే సూదక్క అతని బదులు రెండు రోజులు కూర్చుంది. ఆ రెండు రోజుల వాసన ఇప్పటికీ అప్పుడప్పుడూ కలలో వస్తుంది.

సాయంత్రం ఆమె బండిని మెకానిక్కు దగ్గరికి తీసుకెళ్లింది. అతను పళ్లపుల్ల నోట్లో తిప్పుకుంటూ ముందు చక్రాన్ని చేత్తో తిప్పబోయాడు. అది తిరగలేదు. కాలితో తన్నాడు. కాస్త తిరిగింది. డిస్కును ఒక పక్క నుంచి పట్టుకుని ఉండే ఇనుప పిడికిలి ఒకటి ఉంటుంది, దాన్ని క్యాలిపర్ అంటారు. స్క్రూడ్రైవరు పిడితో దాని నెత్తి మీద నాలుగు మొట్టికాయలు వేశాడు. పక్కకు తిరిగి కాలవలోకి ఉమ్మాడు. తర్వాత అప్పటిదాకా ఇంకో బండి చైను తుడిచిన గుడ్డ తీసుకుని, అదే ఊపులో ఆమె బండి డిస్కు తుడిచేశాడు.

"డిస్కు బ్రేకంటే ఆ మాత్రం పట్టుకుంటుందక్కా. నాలుగు రోజులు తిరిగితే అదే అరిగి సర్దుకుంటుంది."

"ఆ గుడ్డతోనే కదా ఇప్పుడు చైను తుడిచావు?"

"గుడ్డ గుడ్డేనక్కా."

"ఇంటికెళ్లాక మొహం తుడుచుకునేది కూడా దాంతోనేనా?"

పక్కనున్న టీ కొట్టువాడు నవ్వాడు. మెకానిక్కు నవ్వలేదు. "నువ్వు మరీ ఆపరేషను డాక్టరులా మాట్లాడతావక్కా. ఇది బండి. దీనికి ఇన్‌ఫెక్షన్లు రావు," అన్నాడు.

సూదక్క బండిని తోసుకుంటూ ఇంటికి వచ్చేసింది. పట్టుకున్న చక్రంతో బండి తోయడమంటే, రానని మొండికేసిన దూడను సంతకు ఈడ్చుకుపోవడమే. వీధి మలుపు తిరిగేసరికి ఆమె వీపంతా తడిసింది. ఇంటికొచ్చి స్పిరిట్ దూదులు తీసి, దూది తెల్లగా వచ్చేదాకా డిస్కు తుడిచింది. పన్నెండో దూదికి గానీ తెలుపు రాలేదు. రేపు ఆదివారం. రేపు తనే విప్పుతుంది. విప్పడం రాదు. కానీ జనం చేతుల్లో కనపడని నరం పట్టుకోవడం కూడా పుట్టగానే రాలేదు కదా. ఫోన్లో వీడియోలు చూసింది. ఒకడు చెప్పింది ఇంకొకడు చెప్పింది కలవకపోతే ఇద్దరినీ తిట్టుకుని మూడోవాడిది చూసింది.

ఆదివారం పొద్దున్నే ఇంటి ముందు గచ్చు మీద పాత పేపర్లు పరిచింది. చేతికి తొడుగులు, మూతికి మాస్కు. ఇంజను కింద చెక్కదిమ్మ పెట్టి ముందు చక్రాన్ని గాల్లోకి లేపింది. మొగుడు బనీనుతో వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఆయన ఒక పెద్ద ఆఫీసు బిల్డింగులో లిఫ్టు నడుపుతాడు. రోజంతా ఎవరు ఏ అంతస్తు అంటే ఆ బొత్తాం నొక్కి, వాళ్లు మాట్లాడుకునేవన్నీ విని, ఒక్క ముక్క కూడా మాట్లాడకుండా ఉండటం ఆయన ఉద్యోగం. ఆ అలవాటే ఇంట్లోనూ. అమ్మ ఒకటంటే సరే, పెళ్లాం ఇంకోటంటే సరే.

"నేను చేస్తా కదా, నువ్వు లే," అన్నాడు.

"రెండు నెలల కింద కొత్త ప్యాడ్లు వేసింది మీరే కదండీ. అప్పుడూ ఇదే మాటన్నారు."

"అప్పుడు బాగానే వేశాగా."

"బాగా వేస్తే చక్రం ఎందుకు తిరగట్లేదు?"

ఆయన చక్రం వైపు చూశాడు. బనీను అంచుతో ముక్కు తుడుచుకున్నాడు.

లోపల మంచం మీద కాళ్లు బారజాపి కూర్చున్న అత్తగారు అక్కడి నుంచే కేకేసింది. "ఆడది బండి చక్రాలు విప్పడమేంటమ్మాయ్, వీధిలో జనం చూస్తున్నారు."

"చూడనీండి అత్తయ్యా. టిక్కెట్టేం లేదు."

సూదక్కకు ముందు తెలియాల్సింది ఒకటే. బ్రేకు ఎక్కడ పట్టేసింది? పైపులో నూనె ఒత్తిడి వెనక్కి పోక చక్రాన్ని నొక్కుతోందా, లేకపోతే నూనె బాగానే ఉండి క్యాలిపరే కదలకుండా బిగుసుకుందా? ఆమెకు ఇది కొత్త ప్రశ్న కాదు. సూది గుచ్చినా రక్తం రాకపోతే, నరంలో లేదా, సూదిలో అడ్డం పడిందా అని రోజూ చూసుకునేదే. క్యాలిపర్ వెనక చిన్న మర ఉంది. దానికి సన్నటి ప్లాస్టిక్కు గొట్టం తగిలించి, రెండో కొస సిరంజికి పెట్టి, పానాతో మరను కాస్త వదులు చేసింది. గొట్టంలోకి బ్రేకు నూనె చుక్కలు చుక్కలుగా వచ్చింది. కొత్తగా పోసినప్పుడు లేత పసుపులో ఉండాల్సిన నూనె చిక్కటి కషాయంలా ఉంది.

"ఈ రంగులో ఎవరిదైనా వస్తే వెంటనే ఆసుపత్రిలో చేర్చమంటాం," అంది తనలో తను.

మర బిగించి చక్రం తిప్పింది. తిరగలేదు. అంటే తప్పు నూనెది కాదు.

క్యాలిపర్ను పట్టుకున్న రెండు బోల్టులు విప్పింది. అటూ ఇటూ ఊపి డిస్కు మీద నుంచి లాగింది. వచ్చింది. దాని కడుపులోకి తొంగిచూసి ఒక్క క్షణం మొహం పక్కకు తిప్పుకుంది. నల్లటి పొడి, మట్టి, దానికి అంటుకున్న వెంట్రుకలు, ఒక పురుగు కాలు, అన్నిటినీ కలిపి ముద్ద చేసిన ఏదో జిడ్డు. వేలితో గీకితే పెచ్చులుగా లేస్తోంది. చాలా రోజులు తోమని పంటిగార ఎలా ఉంటుందో అచ్చం అలా. ఇంత దరిద్రాన్ని చక్రానికి కట్టుకుని ఇన్నాళ్లూ తను జబ్బుమనుషుల గుమ్మాలెక్కి "చేతులు కడుక్కున్నారా?" అని అడిగింది.

ఆ పొడి పైకి లేవకుండా స్పిరిటు చల్లి తడిపి, పాత పళ్ల బ్రష్షుతో తోమబోతుండగా, సాయం చేద్దామనుకున్న మొగుడు వంగి గట్టిగా ఉఫ్‌మని ఊదాడు. పొడి మొత్తం లేచి సగం ఆయన మొహం మీద, మిగతా సగం పక్కన పెట్టిన మంచినీళ్ల బకెట్టులో పడింది.

"మీకు ఎవరైనా చెప్పారా ఊదమని?"

ఆయన కళ్లు నులుముకుంటూ, "దుమ్ము కదా అని," అన్నాడు.

"దుమ్ము కాదండీ అది. అరిగిపోయిన ప్యాడ్ల పొడి. ఊపిరితిత్తుల్లో కూర్చుంటుంది. వెళ్లి మొహం కడుక్కోండి. తువ్వాలు మంచం మీద పడెయ్యకండి."

ప్యాడ్లు బయటికి తీసి పక్కపక్కన పెట్టింది. సమంగా అరగాల్సినవి, ఒకటి దాదాపు కొత్తగా ఉంది, రెండోది ఒక కొస దళసరిగా, ఇంకో కొస పల్చగా ఏటవాలుగా అరిగింది. అంటే క్యాలిపర్ జారాల్సిన చోట జారడం లేదు. అది జారేది రెండు ఇనుప పిన్నుల మీద. మొదటి పిన్ను బొటనవేలితో లాగితే వచ్చేసింది. రెండోది రాలేదు. పట్టకారుతో పట్టుకుని మెలితిప్పుతూ లాగింది. బురదలో కూరుకుపోయిన చెప్పును పీకినట్టు చప్‌మని ఊడివచ్చింది.

దాని కొసన ఒక చిన్న రబ్బరు తొడుగు ఉండాలి. ఉంది. రాత్రంతా నానిన గింజలా ఉబ్బి, మెత్తబడి, గోరు ఆన్చితే లోపలికి దిగుతోంది. పిన్ను పొడవునా పాలిపోయిన గోధుమరంగు జిగురు. సూదక్క మాస్కు కిందికి లాగి వాసన చూసింది.

ఆ వాసన ఆమెకు తెలుసు. ఇంట్లో తలుపులు తెరిస్తే ఆ వాసన, బీరువా తెరిస్తే ఆ వాసన, అత్తగారు పక్క నుంచి నడిచివెళ్తే ఆ వాసన. కర్పూరం కలిపిన తెల్లటి పగుళ్ల జెల్లీ.

ఆ జెల్లీ డబ్బా గురించి చెప్పాలి. అత్తగారి మంచం పక్క గూట్లో మందులకన్నా ముందు వరసలో అది ఉంటుంది. మడమలు పగిలితే అది, పెదాలు ఎండితే అది. అక్కడితో ఆగితే ఎవరికీ అభ్యంతరం లేదు. కిర్రుమనే తలుపు బందులకు అది. పట్టేసిన జిప్పుకు అది. తాళం తిరగకపోతే తాళంచెవికి అది. గొడుగు తెరుచుకోకపోతే, ఫ్యాను చప్పుడు చేస్తే, చేతి ఉంగరం బిగిస్తే, అన్నిటికీ అదే. బిగుసుకున్నది ఏదైనా జెల్లీ పూస్తే వదులవుతుందన్నది ఆవిడ సిద్ధాంతం. ముప్పావు వంతు సార్లు అది నిజం కావడమే ఇంటికి పట్టిన శని. ఆ నిజాన్ని చూసి పెరిగిన కొడుకు, రెండు నెలల కింద బ్రేకు ప్యాడ్లు మార్చినప్పుడు, అమ్మ చెప్పగానే పిన్నులకు చేతినిండా పూసేశాడు. ఆ జెల్లీ రబ్బరును తింటుందని, తిన్న రబ్బరు ఉబ్బి పిన్నును పిడికిట్లో పట్టుకున్నట్టు పట్టేస్తుందని ఆ తల్లీకొడుకులు ఇద్దరికీ తెలియదు.

"ఏవండీ, ఇటు రండి. ఇది వాసన చూడండి."

ఆయన చూశాడు. చూసి బెల్లం కొట్టిన రాయిలా నిలబడ్డాడు.

"మీరేనా?"

"అమ్మ చెప్పింది కదా అని..."

"నన్ను అడగాలనిపించలేదా? పోనీ నిన్నటి వరకూ రోజూ నేను ఈ బ్రేకును తిడుతుంటే విన్నారు కదా, అప్పుడైనా ఒక్క మాట చెప్పాలనిపించలేదా?"

"దానివల్ల అనుకోలేదు."

"అనుకున్నారు. అందుకే పొద్దున్నే నేను చేస్తా లే లే అన్నారు."

లిఫ్టు బొత్తాలకు అలవాటుపడ్డ ఆయన చూపుడువేలు గాల్లో దేన్నో నొక్కబోయి ఆగిపోయింది.

ఆ జెల్లీ తగిలే రబ్బరు ఉబ్బిందని లోపల మంచం మీదికి కూడా వినపడేలా చెప్పింది. అరవడం వల్ల రబ్బరు చిక్కిపోదు. కొత్త రబ్బర్లు కావాలి, వాటికి తగిన సిలికాన్ గ్రీజు కావాలి, కొత్త బ్రేకు నూనె కావాలి. స్పేరు పార్టుల దుకాణం ఆదివారం మధ్యాహ్నానికే మూసేస్తారు. ఉబ్బిన రబ్బరును తన సంచిలోని ఖాళీ నమూనా డబ్బాలో వేసి మూత బిగించి మొగుడి చేతికిచ్చింది. "ఇది చూపించండి. ఇది ఉబ్బిన సైజు, ఈ సైజు అడక్కండి. బండి మోడల్ చెప్పండి. గ్రీజు సిలికాన్‌దే అని రెండుసార్లు అడిగి తెండి. దారిలో ఎవరు ఏ సలహా ఇచ్చినా వినకండి."

దుకాణంవాడు ఆ డబ్బా చూసి, "ఇక్కడ టెస్టులు చెయ్యం సార్, పక్క వీధిలో చేస్తారు," అన్నాడని తర్వాత ఆయనే చెప్పాడు. ఇంట్లో ఎవరూ నవ్వలేదు.

ఆయన వెళ్లి వచ్చేలోగా సూదక్క మిగతా పని కానిచ్చింది. లీవరు మెల్లగా నొక్కి, ప్యాడ్లను తోసే పిస్టన్‌ను కొంచెం బయటికి రప్పించింది. పూర్తిగా ఊడి ఒళ్లో పడకుండా మధ్యలో చెక్కముక్క అడ్డం పెట్టింది. పిస్టన్ చుట్టూ నల్లటి వలయం. అది గోకకూడదు, గీత పడితే నూనె కారుతుంది. గాజుగుడ్డను స్పిరిట్‌లో ముంచి, చంటిపిల్ల మెడ మడతలు తుడిచినట్టు తిప్పుతూ తిప్పుతూ తుడిచింది. గుడ్డ మీద గుడ్డ నల్లబడి పేపరు మీద కుప్ప పడింది. మెరుపు కనపడ్డాక, పైన హ్యాండిలు పక్కనున్న నూనె గిన్నె మూత తీసి, ఎక్కువైన నూనెను సిరంజితో లాగేసి, పిస్టన్‌ను రెండు బొటనవేళ్లతో లోపలికి నెట్టింది. అది నిదానంగా, ఎక్కడా ఆగకుండా వెళ్లిపోయింది. పొద్దుటి నుంచీ ఆమె చేతికి తగిలిన మొదటి మంచి వస్తువు అది. పిన్నులు, అవి దూరే బొక్కలు, పాత జెల్లీ ఆనవాలు లేకుండా కడిగింది. ప్యాడ్లను గరుకు కాగితం మీద రుద్దింది. మాస్కు లోపల పెదవి మీద చెమట కారి ఉప్పగా తగులుతుంటే, ఆ ఉప్పు చెమటదో బ్రేకుదో తెలియక మాస్కు దించి ఉమ్మేసింది. అంతలోనే వీధిలో ఉమ్మినందుకు తన మీద తనకే అసహ్యం వేసి, మగ్గుతో నీళ్లు తెచ్చి పోసింది.

మొగుడు సరైన రబ్బర్లే తెచ్చాడు, నూనె సీసా కూడా తెచ్చాడు. గ్రీజు మాత్రం చిటికెడు పట్టే పొట్లం. ఒక బండికి అది చాలు. సూదక్క కొత్త రబ్బర్లు ఎక్కించి, పిన్నులకు పల్చగా గ్రీజు రాసి, తెల్లకాగితం మీద పెట్టింది. చేతి తొడుగులు చిరిగిపోయాయి. కొత్తవి వేసుకునే ముందు చేతులు కడుక్కోవడానికి లోపలికి వెళ్లింది. ఆమె చేతులు కడగడం మామూలు కడగడం కాదు. మోచేతుల దాకా సబ్బు, వేళ్ల సందులు, గోళ్ల కింద. వీధి కుళాయి దగ్గర ఇద్దరు బిందెలు నింపుకునేంతసేపు పడుతుంది.

తిరిగొచ్చి పిన్ను చేతిలోకి తీసుకుంది. జారింది. ఇందాక ఇంత జారలేదు. మాస్కు దించింది.

కర్పూరం.

అత్తగారు గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుని, చూపుడువేలు చీర కొంగుకు తుడుచుకుంటోంది. మొగుడు గోడకు ఆనుకుని చెప్పుల జత వైపు చూస్తున్నాడు.

"ఎవరు ముట్టుకున్నారు దీన్ని?"

"నేనే," అంది అత్తగారు, దాచకుండా. "ఆ కాస్త పొట్లంతో ఏమవుతుంది? మిరపగింజంత రాశావు. ఇనుమూ ఇనుమూ రాసుకోవూ? నీ కోసమే కదా అమ్మాయ్, బండి మెత్తగా నడవాలని. పెళ్లయిన దగ్గర్నుంచీ ఈ ఇంట్లో ఏ బందూ, ఏ గొళ్లెమూ బిగుసుకోలేదంటే నా వల్లే."

"అత్తయ్యా, రబ్బరు ఉబ్బింది దాని వల్లేనని పొద్దున్న చెప్పాను కదా."

"రబ్బరు ఉబ్బితే కొనేవాడి తప్పు. మంచి రబ్బరైతే ఎందుకు ఉబ్బుతుంది?"

పిచ్చి కుదిరింది రోకలి తలకు చుట్టమన్నట్టుంది. సూదక్క అత్తగారి మీద నుంచి చూపు తిప్పి మొగుడిని చూసింది. ఆవిడకు తెలియదు, తెలుసుకోదు. ఆ సంగతి ఎప్పుడో తేలిపోయింది. ఈయన పక్కనే నిలబడి ఉన్నాడు.

"మీరు చూశారా?"

ఆయన గొంతు సవరించుకున్నాడు. "చెబుదామనే అనుకున్నా. ఈలోగా నువ్వొచ్చావు."

"ఆవిడ డబ్బా తెచ్చి, మూత తీసి, రెండు పిన్నులకూ పూసి, మళ్లీ వెళ్లి కుర్చీలో కూర్చునేదాకా మీరు చెబుదామనే అనుకున్నారా?"

"అమ్మ బాధపడుతుందని."

"రేపు నాలుగు రోడ్ల దగ్గర లారీ అడ్డమొస్తే, ఈ చక్రం ఆగకపోతే, లేదా తిరగాల్సినప్పుడు పట్టేసి నన్ను బోర్లా పడేస్తే, అప్పుడు మీరు మొదట మాట్లాడతారు. అయ్యో అని."

వీధిలో ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోయారు. అత్తగారు, "నోట్లోంచి అశుభం మాట్లాడకు," అంది గానీ గొంతులో ఇందాకటి ఊపు లేదు. మొగుడి మొహం మీద ఇంకా పొద్దుటి బ్రేకు పొడి చారికలుగానే ఉంది. సరిగా కడుక్కోలేదు. ఆయన్ను చూస్తుంటే సూదక్కకు ఇప్పుడు కోపం కూడా రాలేదు. క్యాలిపర్ కడుపులోకి మొదటిసారి తొంగిచూసినప్పుడు ఏమనిపించిందో అదే అనిపించింది.

మళ్లీ మొదటికొచ్చింది పని. జెల్లీ తగిలి ఎంతోసేపు కాలేదు కాబట్టి రబ్బరు ఇంకా పాడవలేదు. రబ్బర్లు ఊడదీసి, మిగిలిన స్పిరిట్ దూదులన్నీ ఖర్చుపెట్టి, వాసన పోయేదాకా తుడిచి ఆరబెట్టింది. ఈసారి వాసన చూసే పని మొగుడికి అప్పగించింది. ఆయన ఒక్కో రబ్బరూ ముక్కు దగ్గర పెట్టుకుని, "లేదు," "ఇందులో కొంచెం ఉంది," అని చెప్పాడు. ఆ రోజు ఆయన నోట్లోంచి వచ్చిన ఖరాఖండీ మాటలు అవే.

గ్రీజు పొట్లం ఖాళీ. దుకాణం మూసేశారు. సూదక్క కత్తెరతో పొట్లాన్ని నాలుగు వైపులా కోసి విప్పింది. మడతల్లో పల్చగా అంటుకున్న గ్రీజును చెవి పుల్ల దూదితో గీకి గీకి తీసింది. రెండు పిన్నులకు సరిగ్గా వచ్చింది, మూడో పిన్ను ఉంటే చాలేది కాదు. అత్తగారు కుర్చీలోంచి చూస్తూనే ఉంది గానీ లేవలేదు. కొడుకు ఆ కుర్చీకీ బండికీ మధ్య నిలబడ్డాడు. అలా నిలబడమని ఆయనకు ఎవరూ చెప్పలేదు. సూదక్క అది చూసింది. చూసినట్టు కనపడలేదు.

పిన్నులు దూర్చింది. క్యాలిపర్ను వేలితో నెడితే అటు జారింది, లాగితే ఇటు జారింది. ప్యాడ్లు పెట్టి, డిస్కు మీదికి ఎక్కించి, బోల్టులు బిగించింది. కషాయం రంగు నూనెను మర దగ్గర లాగేస్తూ, పైన కొత్త నూనె పోస్తూ, గొట్టంలో లేత పసుపు కనపడేదాకా మార్చింది. పని అయిపోయిందని మొగుడు బండి ఎక్కబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆగండి. పిస్టన్ లోపలికి వెళ్లి ఉంది. ముందు లీవరు నొక్కుతూ ఉండాలి. లేకపోతే మొదటి బ్రేకు గాల్లో కలుస్తుంది."

మొదట లీవరు హ్యాండిలు దాకా ఒట్టిగా వచ్చేసింది. మళ్లీ నొక్కింది. మళ్లీ. నొక్కగా నొక్కగా లోపల ఏదో పట్టు దొరికి లీవరు గట్టిపడింది. చక్రం తిప్పితే చప్పుడు లేకుండా తిరుగుతూనే ఉంది. లీవరు నొక్కగానే టక్కున ఆగింది. వదలగానే మళ్లీ తిరిగింది.

వీధి చివరిదాకా ఆమే నడిపి చూసింది. మెల్లగా ఒకసారి, వేగంగా ఒకసారి, మలుపు దగ్గర ఇంకోసారి. మెకానిక్కు కొట్టు అరుగు మీద కూర్చుని బీడీ కాల్చుకుంటున్నాడు. "సర్దుకుందా అక్కా? చెప్పానా, తిరిగితే అదే సర్దుకుంటుందని," అన్నాడు. సూదక్క బండి దిగి డిస్కు మీద వేలు పెట్టి చూసుకుంది. గోరువెచ్చగా ఉంది. అంతే. మళ్లీ బండెక్కి వెళ్లిపోయింది. ఇంటికొచ్చి నల్లబడ్డ దూదులు, చిరిగిన తొడుగులు, పాత రబ్బర్లు అన్నీ మూటకట్టి చెత్తబుట్టలో వేసి, స్నానం చేసి, మళ్లీ చేతులు కడుక్కుంది. గోరు మూలల్లో నలుపు పోలేదు.

సోమవారం చీకటి విడిచీ విడవకముందే ఆమె డ్రాయింగు మాస్టారి గుమ్మంలో ఉంది. ఆయన ఏమీ తినలేదని కోడలు ముందుగానే ప్రమాణం చేసి చెప్పింది. మాస్టారు చొక్కా చెయ్యి మడుస్తూ ఆమె గోళ్లు చూశాడు. "అమ్మాయ్, నీ చేతులకు ఆ మసేంటి?" అన్నాడు కాస్త వెనక్కి జరిగి. "బ్రేకుది మాస్టారూ. తొడుగు వేసుకుంటాను లెండి," అంది. సూది గుచ్చింది. రక్తం మొదటి దెబ్బకే వచ్చింది. మిగతా పది ఇళ్లు కూడా ఒకదాని తర్వాత ఒకటి అయిపోయాయి. ఎక్కడా దారిలో ఆగలేదు.

ల్యాబుకు చేరేసరికి ఇంచార్జి అప్పుడే షట్టరు ఎత్తుతున్నాడు. చేతి గడియారం చూసుకున్నాడు. ఐసు డబ్బా మూత తీసి గొట్టాలు లెక్కపెట్టాడు. రూటు మీదేనని గానీ, బాగుందని గానీ అనలేదు. పెన్ను మూతను చెవిలో తిప్పుకుని, అదే మూత పెన్నుకు పెట్టుకుని, టేబుల్ మీదున్న చిన్న కాగితం ఆమె వైపు తోశాడు.

"బండి బాగైంది కదా. రేపటి నుంచి ఇంకో మూడు ఇళ్లు. ఒకటి ఐదో అంతస్తు. లిఫ్టు పనిచెయ్యదట."

సూదక్క ఆ కాగితాన్ని వేళ్లతో కాకుండా పట్టకారుతో ఎత్తి సంచిలో వేసుకుంది.

మంగళవారం ఆమె రూటులో పద్నాలుగు ఇళ్లు.